కూతురు డబ్బు కట్టేసిన పది సిట్టింగులు

చీమకుర్తి నుంచి 46 ఏళ్ల పాఠకురాలు ఒకరు, పేరు వేయవద్దని కోరుతూ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పద్దెనిమిదేళ్లుగా ఆమె ఇంటి ముందు గదిలోనే టైలరింగ్ షాపు నడుపుకుంటున్నారు. భర్త గ్రానైట్ ఫ్యాక్టరీలో పని చేస్తారు. రెండేళ్లుగా మెడ వెనుక నుంచి కుడి భుజం దాకా లాగుతోందని, ముహూర్తాల రోజుల్లో జాకెట్ల పని ఎక్కువై రాత్రి పదకొండు దాకా మిషన్ మీద కూర్చుంటే మర్నాడు తల తిప్పడమే కష్టమవుతోందని రాశారు. ఒంగోలులో ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముకల్లో చెప్పుకోదగ్గ లోపం లేదని, కండరాలు పట్టేశాయని చెప్పి, కొన్ని మాత్రలు, వ్యాయామాలు రాసిచ్చారు. మాత్రలు వాడినన్నాళ్లు తగ్గింది. వ్యాయామాలు వారం చేసి మానేశారు. ఆమెకు ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. బీపీకి మాత్ర వేసుకుంటున్నారు. ఎడమ పిక్క మీద నరాలు ఉబ్బి కనిపిస్తాయి, అరికాళ్లలో అప్పుడప్పుడు తిమ్మిరి కూడా ఉంటుంది.

ఈ బాధ ఫోనులో విన్న కూతురు బెంగళూరు నుంచే ఒంగోలులోని ఒక మసాజ్ సెంటర్‌లో గంట చొప్పున పది సిట్టింగులకు 12,000 రూపాయలు కట్టేసింది. మూడు నెలల్లో వాడుకోవాలి, డబ్బు వెనక్కి ఇవ్వరు. ఆ మాట వినగానే భర్త ముఖం ముడుచుకున్నారు. అత్తగారు "సంసారం చేసుకునే ఆడది పోయే చోటా అది" అన్నారు. దీనికితోడు నిరుడు, నరాలు సరిచేస్తానని చెప్పుకునే ఒకాయన ఆమె మెడను పట్టి పటుక్కుమనేలా తిప్పి, బొటనవేలితో భుజం నొక్కితే, వారం రోజులు అక్కడ కమిలిపోయింది. ఆ భయం ఇంకా పోలేదు. "అక్కడ బట్టలు విప్పమంటారా? నొప్పి పుడుతుందా? పదిసార్లూ చేయించుకుంటే మెడనొప్పి పూర్తిగా పోతుందా? వెళితే ఇంట్లో గొడవ, వెళ్లకపోతే బిడ్డ కష్టార్జితం వృథా" అన్నది ఆమె ప్రశ్న. చివర్లో ఇంకో వాక్యం రాశారు: నాలుగేళ్ల కిందట తీసుకున్న రెండు పవర్ల కళ్లద్దాలు పెట్టుకున్నా సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి పాపను పిలవాల్సి వస్తోందట, వయసు మీద పడుతోందట.

సమాధానం:

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ఇరవై ఏళ్లుగా నెల్లూరులో ఫిజియోథెరపిస్టుగా పని చేస్తున్నదాన్ని కాబట్టి మీలాంటి మెడలను చాలానే చూశాను. మీ ఉత్తరంలో మెడనొప్పి, ఇంట్లో మాట అనే రెండు విషయాలు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. మెడ సంగతి తేలితే, రెండోదాని గురించి మీరు ఇంట్లో మాట్లాడడం తేలికవుతుంది.

మసాజ్ గురించి ఆలోచించేముందు, మీ నొప్పి మసాజ్‌కు తగిన నొప్పేనా అన్నది చూసుకోవాలి. ఎక్స్‌రే తీసి రెండేళ్లు కావస్తోంది. ఈ మధ్య కుడి చేతి వేళ్లు తిమ్మిరెక్కడం, పట్టు సడలి కత్తెర చేతిలోంచి జారిపోవడం, నడకలో తూలడం, మూత్రం మీద అదుపు తప్పడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం వంటివి ఏవైనా మొదలై ఉంటే ముందు డాక్టరుకు చూపించుకోండి. షుగర్ ఉన్నవారికి భుజం కీలు బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ మిగతావారికంటే ఎక్కువగా వస్తుంది. చేయి వెనక్కి పెట్టి జాకెట్ హుక్కులు పెట్టుకోగలుగుతున్నారా, జడ వేసుకోగలుగుతున్నారా అన్నది గమనించుకోండి. అది కష్టంగా ఉంటే మీ సమస్య ఒట్టి కండరాలది కాకపోవచ్చు. ఇంకొకటి, భయపెట్టడానికి కాదు గానీ చెప్పక తప్పదు: మెట్లెక్కినప్పుడో, బరువు మోసినప్పుడో మెడ, దవడ, భుజం నొప్పి పుట్టి, దాంతోపాటు చెమట గానీ ఆయాసం గానీ వస్తే అది గుండె సంగతి కావచ్చు. షుగర్ ఉన్న ఆడవారిలో గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా కూడా వస్తుంది. అటువంటప్పుడు వెళ్లవలసింది నేరుగా ఆసుపత్రికి.

ఇవేవీ లేవనుకుందాం. మీరు రాసినదాన్నిబట్టి చూస్తే, ఇది మెడ వెనుక నుంచి భుజాల మీదుగా వీపు మధ్య దాకా పరుచుకుని ఉండే ట్రపీజియస్ అనే కండరం అలసిపోయి బిగుసుకున్న తీరుగానే ఉంది. మనిషి తల బరువు దాదాపు ఐదు కిలోలు. మిషన్ మీదికి వంగి కూర్చున్నంతసేపూ ఆ బరువు ముందుకు పడిపోకుండా వెనక నుంచి ఈ కండరాలే లాగి పట్టుకోవాలి. అందుకే ముహూర్తాల రోజుల్లో మీ మెడ మొరాయిస్తోంది.

ఇప్పుడు మసాజ్ ఏం చేస్తుందో, ఏం చేయదో చెబుతాను. నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం అనే చేతిపనులను 19వ శతాబ్దంలో ఒక పద్ధతిగా వర్గీకరించిన ఘనత డచ్ వైద్యుడు యోహాన్ గెయోర్గ్ మెట్స్‌గర్‌దని వైద్య చరిత్రకారులు చెబుతారు. బోర్డుల మీద 'స్వీడిష్ మసాజ్' అని కనిపించేది ఎక్కువగా ఈ పద్ధతే. పేరేదైనా, బాగా చేసిన మసాజ్ వల్ల బిగిసిన కండరం సడలుతుంది, నొప్పి తెలియడం తగ్గుతుంది, ఒళ్లు తేలికపడి ఆ రాత్రి నిద్ర పడుతుంది. ఇది అనుభవంలో ఉన్న మాటే గాక కొంతవరకు పరీక్షించి చూసిన మాట కూడా. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వారు 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 11 మంది యువకుల చేత అలసిపోయేదాకా వ్యాయామం చేయించి, ఒక తొడకు మాత్రమే పది నిమిషాలు మసాజ్ చేసి, రెండు తొడల నుంచీ కండరం ముక్కలు తీసి పోల్చారు. మసాజ్ చేసిన వైపు వాపుకు సంబంధించిన సంకేతాలు తగ్గాయి. అయితే వ్యాయామం వల్ల కండరంలో పేరుకున్న ల్యాక్టేట్‌లో, అంటే జనం ల్యాక్టిక్ ఆసిడ్ అనేదానిలో, మాత్రం తేడా లేదు. కాబట్టి 'ల్యాక్టిక్ ఆసిడ్ బయటికి పోతుంది' అని ఎవరైనా చెబితే విని ఊరుకోండి. అది వ్యాయామం ఆపిన గంటా గంటన్నరలో దానంతటదే సర్దుకుంటుంది. ఒంట్లోని మలినాలన్నీ చెమటలా కారిపోతాయన్న మాట, కొవ్వు కరుగుతుందన్న మాట, షుగర్ మాత్రలు మానేయవచ్చన్న మాట కూడా అంతే. మలినాలు తీసే పని కాలేయానిది, మూత్రపిండాలది. వాటికి కొబ్బరినూనెతో సహాయం అవసరం లేదు.

పూర్తిగా పోతుందా అని అడిగారు. మసాజ్ ఒక్కదానితోనే పోతుందని నేను అనలేను. దీర్ఘకాలపు మెడనొప్పి ఉన్న 228 మంది మీద అమెరికాలో జరిపి 2014లో ప్రచురించిన ఒక పరిశీలనలో, వారానికి రెండు మూడుసార్లు గంటసేపు చొప్పున నాలుగు వారాలు చేయించుకున్నవారికి స్పష్టమైన ఉపశమనం కనిపించింది. అరగంట చొప్పున చేయించుకున్నవారికి చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీన్నిబట్టి మీ ప్యాకేజీని నెలకు మూడు నాలుగు చొప్పున సాగదీసి వాడుకుంటే డబ్బూ, బస్సు చార్జీలూ దండగ అవుతాయి. వాడుకుంటే వారానికి రెండు చొప్పున ఐదు వారాల్లో ముగించాలి. ముగిశాక ఏమిటన్నదే అసలు ప్రశ్న. మసాజ్ మీకు కొంత గడువు ఇస్తుంది. నొప్పి తగ్గి తల అటూ ఇటూ తిరిగే ఆ రోజుల్లో, మీరు వారం చేసి వదిలేసిన వ్యాయామాలను మళ్లీ మొదలుపెట్టగలుగుతారు. మొదలుపెట్టకుండా అదే కుర్చీలో, అదే వంపులో కూర్చుంటే నొప్పి తిరిగి వస్తుంది. పదకొండో సిట్టింగుకు మళ్లీ కూతురు డబ్బు కట్టాలి.

అక్కడికి వెళితే ఏం జరుగుతుందో ఒక్కొక్కటిగా చెబుతాను, భయం సగం అక్కడే పోతుంది. పద్ధతి తెలిసిన చోటైతే మొదట కూర్చోబెట్టి మీ ఆరోగ్యం గురించి అడుగుతారు. ఏం మందులు వాడుతున్నారు, ఎక్కడ నొప్పి, ఎక్కడ చేయి వేయకూడదు అన్నవి రాసుకుంటారు. అడగకుండానే నేరుగా గదిలోకి పంపేశారంటే నాకైతే అక్కడే అనుమానం వస్తుంది. ఆ తరువాత థెరపిస్టు బయటికి వెళ్లి తలుపు వేస్తుంది. మీకు ఇబ్బంది లేనంతవరకే బట్టలు తీసి, బల్ల మీద బోర్లా పడుకుని, దుప్పటి కప్పుకోవాలి. పూర్తిగా తీయాలన్న నియమం లేదు. మెడకూ, భుజాలకూ, వీపుకూ మాత్రమే చేయమని చెప్పి, లంగా ఉంచుకుని, పైన తువ్వాలు కప్పుకుంటే సరిపోతుంది. అదీ వద్దనుకుంటే వదులు జాకెట్ మీదనే, కుర్చీలో కూర్చోబెట్టి చేసే పద్ధతి కూడా ఉంది. చేస్తున్న భాగం మీద మాత్రమే దుప్పటి తొలగించి, అది అయ్యాక మళ్లీ కప్పి, తరువాతి భాగానికి వెళ్లడం పద్ధతి. బల్లకు తలవైపు ముఖం ఆనించడానికి ఒక గుండ్రని ఖాళీ ఉంటుంది. మొదటి రెండు నిమిషాలూ ఆ ఖాళీలోంచి నేల మీది గచ్చును చూస్తూ పడుకోవడం విడ్డూరంగానే ఉంటుంది, తరువాత అలవాటవుతుంది. చాలామంది నిద్రపోతారు, గురక కూడా పెడతారు, థెరపిస్టులకు అది మామూలే.

నొప్పి విషయంలో నిరుడు మీకు జరిగినది మసాజ్ కాదు. మెడను పటుక్కుమనిపించడం, హఠాత్తుగా తిప్పడం మసాజ్‌లో భాగమే కాదు. మెదడుకు రక్తం తీసుకుపోయే రెండు ధమనులు మెడ ఎముకల రంధ్రాల గుండానే పైకి వెళతాయి. విసురుగా తిప్పినప్పుడు, అరుదుగానే అయినా, వాటి గోడ చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్యంలో నమోదై ఉన్నాయి. కాబట్టి గదిలోకి వెళ్లగానే "నా మెడను తిప్పవద్దు, విరవవద్దు" అని మీ నోటితో చెప్పండి. ఇక ఒత్తిడి మాట: హాయిగా ఉన్న నొప్పి, ఊపిరి బిగపట్టించే నొప్పి వేరువేరు. ముడి కట్టిన చోట నొక్కితే మొదటిది ఉంటుంది, అది ఫర్వాలేదు. మీరు పళ్లు బిగించి ఓర్చుకోవలసి వచ్చిందంటే ఒత్తిడి ఎక్కువైనట్టే. "అమ్మా, తగ్గించు" అనడానికి మొహమాటపడకండి. ఒక రోజో రెండు రోజులో కొంచెం ఒళ్లు నొప్పులు ఉండటం మామూలు. కమిలిన మచ్చలు పడటం మామూలు కాదు.

మీ ఒంటికి ప్రత్యేకంగా కొన్ని జాగ్రత్తలు కావాలి. ఎడమ పిక్క మీద ఉబ్బిన నరాలను అసలు ముట్టుకోనివ్వవద్దు. ఒకవేళ ఆ కాలు హఠాత్తుగా వాచి, వేడెక్కి, నొప్పి పుడితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. అప్పుడు ఎవరైనా రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. అరికాళ్లలో తిమ్మిరి ఉందంటే అక్కడ స్పర్శ తగ్గి ఉండవచ్చు. ఎంత నొక్కుతున్నారో, రాయి ఎంత వేడిగా ఉందో మీకు తెలియకపోవచ్చు. వేడి రాళ్లు, వేడినీటి సంచులు పాదాలకు వద్దని చెప్పండి. షుగర్ మాత్ర వేసుకుని టిఫిన్ మానేసి వెళ్లకండి, కడుపు నిండా భోజనం చేసి కూడా పడుకోకండి. తిన్నాక గంటన్నర, రెండు గంటలు గడవనివ్వండి. లేచేటప్పుడు పక్కకు తిరిగి, కాళ్లు కిందికి వేలాడేసి ఒక నిమిషం కూర్చుని లేవండి, బీపీ మాత్ర వేసుకునేవారికి చప్పున లేస్తే కళ్లు తిరుగుతాయి. రక్తం పలచబడే మందులేవైనా మొదలుపెట్టి ఉంటే డాక్టరును అడగకుండా వెళ్లనే వద్దు.

ఇక మీ ముందున్న దారులు. మొదటిది, ప్యాకేజీని వాడుకోవడం. గంట సిట్టింగును ఒళ్లంతా కాకుండా మెడ, భుజాలు, వీపుకే కేటాయించమని అడగండి, సాధారణంగా ఒప్పుకుంటారు. మూడు సిట్టింగులయ్యాక మీకు మీరే లెక్క చూసుకోండి: బస్సులో కిటికీవైపు తల తిప్పి చూడగలుగుతున్నారా, తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తోందా, మాత్ర ఎన్నిసార్లు వేసుకున్నారు? ఏ తేడా లేకపోతే మిగతావి ఆపేసి, పండుగకు కూతురు వచ్చినప్పుడు ఆమెకు మార్చమని అడగండి. డబ్బు కట్టేశాం కదా అని ఫలితం లేని వైద్యం పూర్తి చేయనక్కరలేదు.

రెండోది, ఫిజియోథెరపీ. నేను ఆ వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టి నా మాటను కొంచెం తగ్గించుకుని వినండి. బి.పి.టి. (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివినవారి దగ్గర చేతితో చేసే పని పది పదిహేను నిమిషాలే ఉంటుంది, మిగతా సమయమంతా మీ చేతనే చేయిస్తారు. మసాజ్ సెంటర్‌లో ఉన్నంత హాయి ఉండదు. గదిలో పక్క మంచం మీది పేషెంటు మూలుగులు కూడా వినిపిస్తాయి. కానీ నొప్పి తిరిగి రాకుండా ఉండే అవకాశం ఇక్కడే ఎక్కువ. 'ఆసుపత్రికి' అంటే ఇంట్లో అభ్యంతరం కూడా ఉండకపోవచ్చు. ఈ రెండింటినీ కలిపి చేయడానికి అడ్డేమీ లేదు, నా మొగ్గు అటే: ఐదు వారాలు ప్యాకేజీ, దాంతోపాటే రెండుసార్లు ఫిజియోథెరపిస్టును కలిసి వ్యాయామాలు సరిగ్గా నేర్చుకోవడం.

ఏమీ చేయకుండా మాత్రలతో నెట్టుకురావడం కూడా ఒక దారే, చాలామంది ఎంచుకునేది అదే. కానీ షుగర్, బీపీ ఉన్నవారు నొప్పి మాత్రలు నెలల తరబడి వాడితే మూత్రపిండాల మీద భారం పడుతుంది. ఆ దారి మీకు మిగతావారికంటే ఖరీదైనది.

ఏ దారి పట్టినా మీ మిషన్ దగ్గర మార్పు తప్పదు. మీరు వయసు మీద తోసేసిన సూది, దారం సంగతి నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. అది చత్వారం. నాలుగేళ్లలో మీ పవర్ మారి ఉంటుంది. రెండు పవర్ల అద్దాలతో దగ్గర చూపు కింది ముక్కలోంచి మాత్రమే ఉంటుంది. ఆ ముక్కలోంచి సూది కనిపించాలంటే, మీకు తెలియకుండానే వీపు వంచి, గడ్డం పైకెత్తి, తలను ముందుకు చాచి కుడతారు. రోజుకు ఎనిమిది గంటలు అలా కూర్చుంటే ఎవరి మెడైనా పట్టేస్తుంది. కంటి డాక్టరు దగ్గర మిషన్ దూరానికి సరిపోయే ఒకే పవర్ అద్దాలు కుట్టుపనికని విడిగా రాయించుకోండి. షుగర్ ఉంది కాబట్టి ఏడాదికోసారి కంటి లోపలి పొర పరీక్ష ఎలాగూ అవసరమే, రెండు పనులూ ఒకే రోజు అయిపోతాయి. హెమ్మింగు, హుక్కులు కుట్టేటప్పుడు ఒళ్లో దిండు పెట్టుకుని దాని మీద బట్ట ఉంచుకుంటే పని కంటివైపు వస్తుంది, మెడ కిందికి పోనక్కరలేదు. ఒక జాకెట్ అయ్యాక లేచి, రెండు భుజాలనూ వెనక్కి లాగి ఐదు లెక్కపెట్టి వదలడం పదిసార్లు చేసి, తరువాతి జాకెట్ ముట్టుకోండి.

ఇంటి సంగతి. మీ భర్త అనుమానాన్ని నేను కొట్టిపారేయను. మసాజ్ బోర్డు పెట్టి వేరే వ్యాపారం చేసేవారి మీద పోలీసు దాడుల వార్తలు ఆయన పేపర్లో చదివే ఉంటారు. డాక్టరు దగ్గరికని అబద్ధం చెప్పి వెళ్లవద్దు. అది బయటపడిన రోజు మీ మెడనొప్పి సంగతి ఎవరూ వినరు. మొదటిసారి ఆయన్నే వెంట తీసుకువెళ్లండి. ఆడవారికి ఆడవారే చేస్తారా, థెరపిస్టు ఎక్కడ శిక్షణ తీసుకుంది, గదికి లోపల గడియ పెడతారా, రసీదు ఇస్తారా అన్నవి ఆయన చేతనే అడిగించండి. జవాబులు నచ్చకపోతే ఇద్దరూ తిరిగి వచ్చేయండి. 12,000 పోయినా, ఇష్టం లేని గదిలో గంట పడుకోవడం కంటే అది మేలు. కూతురికి కూడా ఉన్నదున్నట్టు చెప్పండి, తల్లి నొప్పి తగ్గాలనే కదా ఆ పిల్ల కట్టింది.

అత్తగారితో మాత్రం వాదన పెట్టుకోకండి. మీ కూతురు పుట్టినప్పుడు పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుని, పసిబిడ్డను కాళ్ల మీద వేసుకుని నూనె రాసి, చేతులు కాళ్లు సాగదీసి నీళ్లు పోసింది ఆవిడే అయివుంటారు. బాలింతగా మీ నడుముకు నూనె పట్టించిందీ, పండుగనాడు తలంటి నలుగు పెట్టిందీ ఆవిడే కావచ్చు. ఆ పనికి మసాజ్ అన్న పేరు లేదు, అంతే. సిట్టింగులు లేని రోజుల్లో రాత్రి షాపు కట్టేశాక, నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి, మెడ వెనక, భుజాల మీద రాయమని ఆవిడనే అడగండి. మెడ ఎముక మీద కాకుండా దానికి రెండు పక్కలా ఉన్న కండ మీద, పైనుంచి భుజం చివరిదాకా అరచేత్తో నిమిరితే చాలు, పది నిమిషాలు. నూనె రెండు చెంచాలు మించవద్దు, ఎక్కువైతే దిండు గలీబు పాడైందని పొద్దున్నే ఆవిడే అంటారు.